రెండు వేళ్ల ఉస్తాద్

మా చిన్న మామూ పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. బారాత్‌లో ఆయన పాట అందుకుంటే దుల్హా ఎక్కిన గుర్రం కూడా ఆగి వినేదని అమ్మీ గొప్పగా చెప్పేది. షాదీలు లేని నెలల్లో సామిల్లులో పనికి పోయేవాడు. అక్కడే పన్నెండేళ్ల కింద రంపం ఎడమ చేతి ఉంగరం వేలు, చిటికెన వేలు తీసుకుపోయింది. క్లారినెట్ పేటీ అల్మారా మీదికెక్కింది. "అల్లా మర్జీ" అన్నాడు. ఆ తర్వాత ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

మొన్న ఈద్‌కి మా ఇంటికొచ్చినప్పుడు నా ఫోన్‌లో జాంగో రైన్‌హార్ట్ గిటార్ మోగుతోంది. "ఎవర్రా ఇతను?" అన్నాడు. చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించాను. పుండు మీద కారం చల్లినట్టవుతుందేమోనని భయం.

చెప్పేశాను. 1910లో బెల్జియంలో, మనూష్ అనే జిప్సీ తెగలో పుట్టాడు. పారిస్ శివార్లలో బండి ఇళ్ల మధ్య పెరిగాడు. చిన్న వయసులోనే డాన్సు హాళ్లలో బాంజో వాయించి సంపాదించాడు. 1928లో ఒక రాత్రి, భార్య అమ్మకానికి చేసిపెట్టిన సెల్యులాయిడ్ పూలకు నిప్పంటుకుని బండి తగలబడింది. అప్పటికి పద్దెనిమిదేళ్లు. డాక్టర్లు కాలు తీసేస్తామన్నారు, ఒప్పుకోలేదు. ఎడమ చేతి రెండు వేళ్లు మాత్రం ముడుచుకుపోయాయి.

"ఏ వేళ్లు?"

"అవే మామూ."

ఆయన చెయ్యి మెల్లగా లుంగీ మడతలోకి పోయింది. నేను చూడనట్టే ఉన్నాను.

మంచాన ఉండగా తమ్ముడు గిటార్ తెచ్చిచ్చాడు. మళ్లీ అలిఫ్, బే నుంచి మొదలు. అతని హునర్ అంతా ఇక్కడే ఉందనిపిస్తుంది నాకు. అన్ని వేళ్లూ ఉన్నవాళ్లు చెయ్యి ఒకచోట నిలిపి తీగలన్నీ అందుకుంటారు. ఇతను రెండు వేళ్లతో తీగ పొడవునా పైకీ కిందికీ పరుగెత్తాల్సి వచ్చింది. ఆ జారుడు, ఆ దూకుడు అందులోంచి వచ్చినవే. చచ్చుబడ్డ వేళ్లనూ వదల్లేదు, కార్డ్ పట్టేటప్పుడు చివరి తీగల మీద ఆనించేవాడు. 1934లో వయొలిన్ వాయించే స్టెఫాన్ గ్రాపెల్లీతో కలిసి హాట్ క్లబ్ క్వింటెట్ కట్టాడు. మూడు గిటార్లు, వయొలిన్, బాస్. డ్రమ్ము లేదు, బాకా లేదు, దరువు కూడా గిటార్లదే. అప్పటిదాకా జాజ్‌లో ఎక్కువగా వెనక కూర్చునే గిటార్‌ని, నొటేషన్ చదవడం రాని ఈ మనిషి ముందు వరసలో కూర్చోబెట్టాడు.

జాంగో అంటే వాళ్ల రోమానీ భాషలో 'మేల్కొన్నాను' అని చెబుతారు. మన జాగ్‌నా వినబడటం లేదూ? వాళ్ల పూర్వీకులు ఎన్నో వందల ఏళ్ల కింద హిందుస్తాన్ నుంచి వెళ్లినవాళ్లే. నీళ్లను ఇప్పటికీ పానీ అనే అంటారు. ఇది విని మామూ నవ్వాడు. "అయితే మనోడే!"

1940లో పారిస్ నాజీల చేతిలో పడింది. యూరప్‌లో జిప్సీల్ని లక్షల్లో చంపిన కాలం అది. ఆ ఏడాదే ఇతను 'న్యూయాజ్' రికార్డు చేశాడు, అంటే మబ్బులు. గ్రాపెల్లీ లండన్‌లోనే ఉండిపోవడంతో వయొలిన్ చోట క్లారినెట్ పెట్టుకున్నాడు. అది వినిపించగానే మామూ తల ఎత్తాడు. ఒక్క మాటా లేదు.

1953లో, నలభై మూడేళ్లకే పోయాడు. తర్వాత ఇంగ్లాండులో టోనీ అయోమీ అనే కుర్రాడు ఫ్యాక్టరీలో వేళ్ల చివరలు పోగొట్టుకుని, ఇక గిటార్ లేదనుకుంటుంటే, అక్కడి మేనేజర్ జాంగో రికార్డే వినిపించాడు. అతనే బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు. ఈ కిస్సా కాస్త హుషారుగా చెప్పాను, మామూకి ధైర్యం వస్తుందని.

"బేటా," అన్నాడు, "గిటార్‌కి రెండు వేళ్లు సరిపోతాయేమో. క్లారినెట్‌లో బొక్కలు మూయాలి. వేలు లేకపోతే గాలి పోతుంది."

నాకు సిగ్గేసింది. నిజమే కదా, నా కిస్సా ఆయన చేతికి సరిపోలేదు.

కాసేపటికి ఆయనే అడిగాడు, "ఆ మబ్బుల పాట మళ్లీ పెట్టు." మూడుసార్లు విన్నాడు. వెళ్లేటప్పుడు గడప దగ్గర చెప్పులేసుకుంటూ, ఆడుకుంటున్న మా వాడి వైపు చూశాడు.

"పేటీ పంపిస్తా. పది వేళ్లూ ఉన్నాయిగా వాడికి."