చక్రముల యింటిలో మామగారి గొంతు

మావారు అమెరికాలో ఆరిజోనా రాష్ట్రమునం దొక పాఠశాలలో ఉపాధ్యాయులు. గత వేసవిసెలవులకు మేమొక పాత ట్రావెల్ ట్రైలరును కొంటిమి; కారు వెనుక తగిలించుకొనిపోవు చక్రముల యిల్లది. అందలి స్టీరియో బాగుగనే యుండెను గాని స్పీకర్ల కాగితపు శంకువులు చినిగియుండెను.

మాతో గడపవచ్చిన అత్తగారికి వినికిడి తక్కువ. కీర్తిశేషులైన మామగారు భాగవతము చదువగా పట్టిన ధ్వనిముద్రణమును వారు ప్రతిరాత్రియు విందురు. కావున హెచ్చు వాట్ల పెద్ద స్పీకర్లు తెచ్చి బిగించితిమి. పలుచని గోడలు గడగడలాడెను. అత్తగారు కొంతసేపు విని, “ఇది ఆయన గొంతు కాదమ్మా” యని లేచిపోయిరి. మా మనసు చివుక్కుమనెను.

సోదరీమణులకు పనికివచ్చునని చెప్పుచున్నాము. వాట్లు స్పీకరు భరించు శక్తిని మాత్రమే తెలుపును. ఎంత గట్టిగా పలుకునో తెలుపునది సెన్సిటివిటీ. అది 3 డెసిబెల్సు హెచ్చైనచో సగము విద్యుత్తుతోనే అంత ధ్వని వచ్చును. 12 వోల్టుల బ్యాటరీపై నడచు ఇంటికిది గొప్ప లాభము. ఓములు స్టీరియోకు సరిపడవలెను. పాలీప్రొపిలీను శంకువు, రబ్బరు అంచు తేమకు నిలుచును. వృద్ధుల చెవికి హల్లుల సన్నని ధ్వనులు ముందుగా దూరమగును. మంద్రము హెచ్చినచో నవి మఱింత మఱుగుపడును.

పెద్దవి తిరిగి యిచ్చివేసి, ఇట్టి చిన్నవి రెండు తెచ్చి అత్తగారి పడకయొద్ద చెవి యెత్తున అమర్చితిమి. గ్రాండ్ క్యానియన్ చెంత విడిసిన రాత్రి, పొరుగువారి నిద్ర చెడకుండ మెల్లగా పెట్టితిమి. పద్యము నడుమ మామగారు దగ్గిరి. అత్తగారు కన్నులు మూసికొనియే నవ్విరి. ఆ దగ్గును మేము అదివఱ కెన్నడును వినియుండలేదు.