గ్యాస్ ఎటు పోయింది?

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య నడుస్తుంటే సుత్తి దెబ్బలు తప్ప మరేదీ వినపడదు. ఆ వీధులు దాటాక, కార్ల ఏసీ పని మాత్రమే చేసే ఒక రేకుల షెడ్డు ఉంది. రోహిణి కార్తె ఎండకి ఉదయం పదింటికే అక్కడ కార్లు బారులు తీరాయి. యాభై దాటిన మేస్త్రి, ఐటీఐ చదివిన ఇద్దరు కుర్రాళ్లు పనిలో ఉన్నారు. ఆ మేస్త్రి పని చూద్దామనే వెళ్లాను.

బండి రాగానే ఆయన గ్యాస్ సిలిండరు జోలికి పోడు. "ఎప్పుడెప్పుడు చల్లగా రావట్లేదండీ?" అని అడుగుతాడు. గాలే తక్కువ వస్తోందా, గాలి బాగానే వచ్చి చల్లదనం లేదా? మొదట్నుంచీ లేదా, అరగంట తర్వాత పోతోందా? సగం రోగం ఈ జవాబుల్లోనే దొరుకుతుందంటాడు.

ఒక టాక్సీ డ్రైవరు చెప్పిన లక్షణం స్పష్టంగా ఉంది. హైవే మీద చల్లగానే ఉంటుంది, బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే వేడిగాలి. మేస్త్రి బోనెట్ ఎత్తి, ఏసీ వేయించి, రేడియేటర్ ముందు వంగి చూశాడు. ఫ్యాను తిరగడం లేదు. క్యాబిన్‌లో లాగిన వేడిని గ్యాస్ బయటికి వదిలేది ముందున్న కండెన్సర్లోనే. బండి పరుగులో ఉంటే ఎదురుగాలి ఆ వేడిని తీసుకుపోతుంది. ఆగితే ఆ పని ఫ్యానే చెయ్యాలి. రిలే కాలిపోయిందని తేలింది. కొత్తది వేయగానే ఫ్యాను తిరిగింది గానీ, గ్యాస్ పీడనం చూపే హై సైడు గేజీ ముల్లు కావలసినంత దిగలేదు. అంతకుముందు వేరెక్కడో గ్యాస్ తక్కువైందని చెప్పి నింపి పంపారట. మిషన్‌తో వెనక్కి లాగి తూస్తే 600 గ్రాములు దాటింది. బోనెట్ కింది స్టిక్కరు మీద ఉన్నది 450. ఎక్కువైన గ్యాస్ కూడా చల్లదనాన్ని చంపుతుందని చాలామంది డ్రైవర్లకు తెలియదు. సరిగ్గా తూచి ఎక్కించాకే బండి వదిలారు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది గుడివాడ నుంచి వచ్చిన కారు. తల్లీ కొడుకూ వచ్చారు. "ఏటా ఎండలు మొదలవగానే గ్యాస్ పట్టిస్తున్నామండీ, జూన్ రాకుండానే మళ్లీ మామూలే" అన్నాడు అబ్బాయి.

"గ్యాస్ పెట్రోలు కాదు బాబూ, కాలి అయిపోడానికి. ఎక్కడో కారుతోంది" అంటూ మేస్త్రి గేజీలు తగిలించాడు. ఇంజను ఆపి ఉంటే రెండు ముళ్లూ ఒకే అంకె మీద నిలుస్తాయి. 40 డిగ్రీల వేడిలో ఆ అంకె 130 పీఎస్ఐ దాకా ఉండాలి. ఇక్కడ 70 దాటలేదు. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిలూ తిరుగుతుంది కాబట్టి, కారే చోట జిడ్డు మీద దుమ్ము పేరుకుంటుంది. గొట్టాల అతుకులు, కంప్రెసర్ ముక్కు, కండెన్సర్ అంచులు ఒక్కొక్కటీ తుడిచి చూశారు. అన్నీ పొడిగానే ఉన్నాయి. చివరికి లీకు పట్టే పరికరాన్ని ఏసీ నీళ్లు కారే గొట్టం దగ్గర పెడితే గీగీమంది.

అంటే డ్యాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్. అది విప్పడానికి సాయంత్రమైంది. బయటికి తీసిన కాయిల్ నిండా ఎండుటాకులు, మట్టి. ఆ బండిలో క్యాబిన్ ఫిల్టరే లేదు. తడి చెత్త అంటుకుని అల్యూమినియం రేకు గుంటలు పడి చిల్లయింది.

"అయితే ఇన్నేళ్లూ పోయించిందంతా గాల్లోకేనా మేస్త్రీ?" అంది ఆ తల్లి.

"అంతేనమ్మా."

ఆ మాట నన్ను కలతపెట్టింది. ఓజోన్ పొరను తినేస్తోందని, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తర్వాత కార్ల ఏసీల్లో ఆర్12 అనే గ్యాస్ వాడకం ఆపించారు. దాని స్థానంలో వచ్చిన ఆర్134ఎ ఓజోన్‌ను ముట్టదు గానీ, బరువుకి బరువు చూస్తే బొగ్గుపులుసు వాయువు కన్నా వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. లీకు వెతక్కుండా నింపి పంపడం నా దృష్టిలో పెద్ద తప్పు. ఆ కుటుంబం డబ్బూ పోయింది, ఎండా పెరిగింది.

కొత్త కాయిల్, కొత్త డ్రయ్యర్ వేశాక వాక్యూమ్ పంపు పెట్టారు. లోపలి గాలి లాగేస్తే పీడనం పడిపోయి, మిగిలిన తేమ మామూలు వేడికే ఆవిరై బయటికి పోతుంది. ఈ పని హడావిడిగా చేస్తే ఆ నీటిచుక్కే ఎక్స్‌పాన్షన్ వాల్వులో మంచై అడ్డుపడుతుంది. అరగంట చల్లగా వచ్చి ఆగిపోయే బళ్లలో కొన్నింటి కథ ఇదే. ముప్పావుగంట తర్వాత పంపు ఆపి, ముల్లు కదలకుండా ఉందో లేదో కాసేపు చూశారు. కదల్లేదు. అప్పుడు కాస్త ఆయిలు పోసి, కాటా మీద సిలిండరు పెట్టి స్టిక్కరు ప్రకారం గ్యాస్ ఎక్కించారు.

తాళాలు ఇస్తూ మేస్త్రి అబ్బాయికి రెండు జాగ్రత్తలు చెప్పాడు. ఫిల్టరు వేశాం, ఏడాదికోసారి మార్చు. చలికాలంలో కూడా వారానికోసారి పది నిమిషాలు ఏసీ వెయ్యి, ఆయిలు తిరక్కపోతే సీళ్లు ఎండిపోతాయి.