ఏర్పేడులో కంటి కటకం లోపలికి

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి దారిలో వెళ్తే ఏర్పేడు వస్తుంది. 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్‌ల శాశ్వత ప్రాంగణాలు రెండూ ఈ మండలంలోనే ఉన్నాయి. ఇక్కడ చదువుతున్న పలమనేరు అమ్మాయి ఒకామె, సిమ్యులేషన్ నేర్చుకోవడానికి తాను తయారుచేసుకున్న కణత్వచం నమూనా చూపిస్తానంటే వెళ్లాను.

"కంటి కటకం పొరలో ఇంత ముక్క సార్. వెడల్పు మిల్లీమీటరులో లక్షో వంతు" అంది. తెరమీద రెండు వరసల ఫాస్ఫోలిపిడ్ అణువులు తోకలు లోపలికి పెట్టి నిలబడ్డాయి. పైనా కిందా నీళ్లు. చేని చుట్టూ కట్టే రాతిగోడలో పెద్దరాళ్ల సందుల్లో చిన్నరాళ్లు ఇరికించినట్టు, ఆ తోకల మధ్య కొలెస్టరాల్ కూరుకుని ఉంది.

ప్రతి అణువులోని ప్రతి పరమాణువు మీద పడే బలాన్నీ కంప్యూటర్ లెక్కగట్టి, న్యూటన్ సూత్రం ప్రకారం ఆ పరమాణువును కాస్త జరుపుతుంది. మళ్లీ లెక్క, మళ్లీ జరపడం. ఒక్కో అడుగు రెండు ఫెమ్టోసెకన్లు. సెకనులో పది లక్షలో వంతు కాలాన్ని చూడాలంటే 50 కోట్ల అడుగులు వేయాలి. ఈ తరహా లెక్కలకు పునాది వేసిన కార్‌ప్లస్, లెవిట్, వార్షెల్‌లకు 2013లో రసాయన నోబెల్ వచ్చింది.

అంత శ్రమ కటకం మీద పెట్టడానికి కారణముంది. మామూలు కణాల పైపొరలో కొలెస్టరాల్ ఫాస్ఫోలిపిడ్‌కు మహా అయితే సమానంగా ఉంటుంది. మనిషి కటకం నడిభాగంలో మూడు నాలుగు రెట్లుంటుంది. కటకంలో రక్తనాళాలు లేవు కాబట్టి కావలసిన కొలెస్టరాల్‌ను అది చాలావరకు తానే తయారుచేసుకుంటుంది. ఫాస్ఫోలిపిడ్ల మధ్య చోటు చాలనప్పుడు మిగిలినది విడిగా తన సొంత పొరలు కడుతుంది. విస్కాన్సిన్ మెడికల్ కాలేజీలో విటోల్డ్ సుబ్చిన్‌స్కీ బృందం ప్రయోగాల్లో చూసిన ఈ పొరలను పోలండ్‌లోని క్రాకోవ్ శాస్త్రవేత్తలు కంప్యూటర్‌లోనూ పరిశీలించారు.

"కొలెస్టరాల్ గట్టి వలయాలున్న అణువు సార్. ఇది నిండుగా ఉంటే ఆక్సిజన్ పొరను దాటడం కష్టం" అంది. కటకం నడిభాగపు నారకణాల్లో కేంద్రకం ఉండదు. పుట్టకముందు తయారైన ప్రోటీన్లే నూరేళ్లూ పనిచేయాలి. ఆక్సిజన్ వాటిని పాడుచేస్తే అవి ముద్దకట్టి, కంటికి శుక్లం వస్తుంది. పుట్టుకతోనే కొలెస్టరాల్ తయారీ కుంటుపడే స్మిత్-లెమ్లి-ఓపిట్జ్ వ్యాధిలో కొందరు పిల్లలకు శుక్లాలు రావడం కూడా ఈ సంబంధాన్నే చెబుతోంది.

న్యూయార్క్‌లో థామస్ వాల్జ్ బృందం మరో అడుగు వేసింది. కటకం పొరలో నీటిదారులైన ఆక్వాపోరిన్-0 ప్రోటీన్లు పక్కపక్కనే బారులు తీరతాయి. వాటి మధ్య పొర లోతున చేరిన కొలెస్టరాల్ ఆ అమరికను నిలబెడుతోందని ఎలక్ట్రాన్ కిరణాలతో తీసిన చిత్రాలూ, జర్మనీలోని గాటింగెన్‌లో బెర్ట్ డి గ్రూట్ తోడ్పాటుతో చేసిన సిమ్యులేషన్లూ కలిసి చూపాయి.

తన నమూనాకున్న హద్దు ఆ అమ్మాయికి తెలుసు. "నేను ఒకే రకం లిపిడ్ పెట్టినాను సార్. అసలు కటకంలో స్ఫింగోమైలిన్ జాతివి ఎక్కువ. వయసుతో అవీ మారతాయి. వాటినీ కలిపి చూడాల."

శుక్లం వచ్చాక తీసి కృత్రిమ కటకం పెట్టే విద్య మన ఊళ్లకు చేరింది. అది గొప్ప వరం. అయితే ఆపరేషన్ అవసరాన్నే వెనక్కి నెట్టాలంటే, మసక మొదలయ్యే ముందు పొరలో ఏది సడలుతుందో తెలియాలి. ఆ చోటు మామూలు సూక్ష్మదర్శినికి అందనంత చిన్నది, అక్కడి కదలిక ఏ కెమెరాకూ చిక్కనంత వేగం. ప్రయోగం ఒక చేత్తో, లెక్క మరో చేత్తో పట్టుకుని అక్కడిదాకా దిగే పిల్లలు మన జిల్లాల్లోనే తయారవుతున్నారు. వాళ్లకు మంచి కంప్యూటర్లూ, తొందరపెట్టని కాలమూ ఇవ్వడం మన బాధ్యత.