తెల్లచీటీ

న్యూయార్కులో వాషింగ్టన్ స్క్వేరుకు తూర్పున, నేడు విశ్వవిద్యాలయపు తరగతులు జరుగుచున్న పదియంతస్తుల భవనమొకటి కలదు. న్యూజెర్సీనుండి రైలులో వచ్చి ఉద్యోగమునకు పోవుచు, ఏండ్ల తరబడి దాని ప్రక్కగానే నడచియు, 2023 అక్టోబరులో దాని గోడకు 146 పేర్లు గల లోహఫలకమును అమర్చువరకు ఆ యింటి చరిత్రను నేనెరుగనైతిని. 1911 మార్చి 25, శనివారము, పని ముగియు వేళ, ఎనిమిదవ అంతస్తున నిప్పంటుకొనగా, తొమ్మిదవ అంతస్తున రవికలు కుట్టుచుండిన యువతులు తలుపుకడకు పరుగెత్తిరి. తలుపునకు తాళము వేసియుండెను. అగ్నిమాపకుల నిచ్చెన ఆరవ అంతస్తువరకే అందెను. మృతులైన ఆ 146 మందిలో పెక్కండ్రు ఇటలీనుండియు, తూర్పు ఐరోపా యూదుల యిండ్లనుండియు పొట్టకూటికి సముద్రము దాటి వచ్చిన పడుచులు. అట్లే దాటివచ్చిన నాకు అది పరాయివారి కథగా తోచలేదు.

ఆ ఘోరమును కన్నులార చూచిన ఫ్రాన్సెస్ పెర్కిన్స్ అప్పటికి ఆ నగరపు వినియోగదారుల సంఘమునకు కార్యదర్శిని; 1933లో ఈ దేశమునకు కార్మికమంత్రిణి యయ్యెను. అట్టి సంఘములవారి పద్ధతియే నా మనస్సును పట్టుకొన్నది. ఫ్లోరెన్స్ కెల్లీ నాయకత్వమున 1899లో వెలసిన జాతీయ వినియోగదారుల సంఘము, కర్మాగారపు చట్టమును పాటించి, పదునారేండ్లు నిండని పిల్లలను పనిలో పెట్టుకొనక, సరకునంతయు తమ కప్పు క్రిందనే కుట్టించువారి బట్టలకు మాత్రమే తమ తెల్లచీటీని అనుమతించెడిది. గృహిణి ఆ చీటీ యేదని అంగడివానిని అడుగవలెను. అడుగువారు పదుగురైనచో అంగడివాడు కర్మాగారమును అడుగక తప్పదు.

ఈ చరిత్ర నాకు తెలియకమునుపే, 2013 ఏప్రిల్ 24న ఢాకా చెంత సావరులో రాణాప్లాజా అను కుట్టుమిల్లుల భవనము కూలి 1,100 మందికి పైగా మరణించినప్పుడు, ముందునాడే గోడలు బీటలు వారినను కుట్టుపనివారిని బలవంతముగా లోనికి పంపిరని తెలిసి, ఇక ఆ దేశపు బట్టలే కొననని శపథము పట్టితిని. అది తప్పని నేడనుకొందును: మనము కొనుట మానినచో మొదట పస్తుండునది మిషను ముందు కూర్చున్న ఆమెయే. ఆ దుర్ఘటన పిమ్మట కార్మికసంఘములతో 200కు పైగా వస్త్రసంస్థలు చేసికొన్న భద్రతా ఒప్పందము, మాట తప్పిన సంస్థను న్యాయబద్ధముగా నిలదీయుటకు వీలిచ్చినది గనుకనే తలుపులు, మెట్లు, స్తంభములు పరీక్షకు వచ్చినవి. సంతకము చేసినవారి పట్టిక బహిరంగమే. కొనుటకు ముందు చూడవచ్చును.

ప్రాణభద్రత ఒకటి, దినదినపు బ్రదుకు వేరొకటి. మా వైపు పల్లెనుండి తెల్లవారకమునుపే బస్సెక్కి కుట్టుమిల్లుకు పోవు మా అక్క కూతురు, పోయినమారు నేనింటికి వెళ్ళినప్పుడు, "పిన్నీ, నీళ్ళు తాగితే లేవాల, లేస్తే టార్గెట్టు పోద్ది, అందుకే తాగం" అనెను. ఎండకాలమందు మండుటెండను నడచి వచ్చి, చెంబెడు నీళ్ళు గటగట త్రాగి, ఆ మాట ఎంత తేలికగా అనెనో! తిరిగి వచ్చిన వారమే, నేను తరచు బట్టలు కొను దుకాణమువారికి, మీ సరకు ఏ మిల్లులో కుట్టబడునది, కుట్టినామెకు గంటకెంత కూలి, గంటకెన్ని పీసులని ఉత్తరము వ్రాసితిని. జవాబు లేదు. రెండవదానికి ధన్యవాదములు వచ్చినవి. మూడవదానికి మిల్లుల పట్టిక వచ్చినది. ఊళ్ళ పేర్లున్నవి, కూలి మాట లేదు. ఆఫీసులోని ముగ్గురు స్నేహితురాండ్ర సంతకములతో నాల్గవ ఉత్తరము నిన్న తపాలాలో వేసితిని.