ముందు లాగ్ చూడు నాయనా

చిత్తూరులో ఒక కాలేజీ ఫలితాల సర్వరు. పేజీ తెరిస్తే 403. ఫైళ్లకు 777 ఇచ్చినా అదే 403. రాత్రి పదకొండు దాటింది. సెట్‌ఎన్‌ఫోర్స్ 0 కొట్టి ఎస్ఈలినక్స్ అడ్డు తీశాను, పేజీ వచ్చేసింది. బస్సెక్కి తిరుపతి చేరాను.

తెల్లారి మా సీనియర్ సార్ అడిగారు: "లాగ్ చూశావా నాయనా?"

"లేదు సార్."

"మరి దేన్ని బాగుచేశావు?"

పక్కన కూర్చోబెట్టి ఎల్ఎస్‌కు పెద్ద జెడ్ చేర్చి కొట్టించారు. ఫైళ్ల మీద యూజర్_హోమ్_టి లేబుల్! హోమ్‌లో దించుకొని ఎంవీతో వెబ్ ఫోల్డర్‌లోకి జరిపాను కదా, ఎంవీ పాత లేబుల్‌ను వెంట తీసుకుపోతుంది. సీపీ చేసుంటే కొత్తచోటి లేబుల్ పడేది. రిస్టోర్‌కాన్ నడిపి, సెట్‌ఎన్‌ఫోర్స్ 1 పెట్టాం. పేజీ వచ్చింది.

అలిపిరి తనిఖీ చూసే ఉంటావు. కారు నీదే, కానీ కొండమీదికి మందు, మాంసం తీసుకుపోవడం నీ ఇష్టం కాదు. ఎస్ఈలినక్స్ అంతే. మామూలు పర్మిషన్లు ఫైలు సొంతదారు ఇచ్చేవి. ఎస్ఈలినక్స్ పాలసీ ఆపిన పని వెబ్ సర్వరు రూట్‌గా నడిచినా చేయలేదు. అమెరికా ఎన్ఎస్ఏ 2000 డిసెంబరులో బయటపెట్టిన ఈ ఎస్ఈలినక్స్ 2003లో లినక్స్ 2.6 కెర్నల్లో కలిసింది.

లేబుల్‌ను సీహెచ్‌కాన్‌తో మార్చి వదిలేయకు, తర్వాతి రిస్టోర్‌కాన్ దాన్ని తుడిచేస్తుంది. సెమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్‌తో పాలసీలో రాసి, ఆపైన రిస్టోర్‌కాన్ నడుపు.

నా రెండో తప్పు ఇంకా పెద్దది. ఆడిట్ లాగ్ మొత్తాన్ని ఆడిట్‌టూఎలౌలో పోసి, వచ్చిన మాడ్యూల్‌ను చదవకుండా ఎక్కించాను. అడిగినవాటన్నిటికీ అనుమతి ఇచ్చేశాను! సార్ సెమాడ్యూల్‌తో దాన్ని తీయించి, ఒక్కో నిరాకరణా ఏ ప్రోగ్రాముది, ఏ ఫైలు మీద అని నాచేత కాగితం మీద రాయించారు. సగం పైగా లేబుల్ తప్పులే. రెండిటికి సెట్‌సెబూల్ చాలింది, మైనస్ పెద్ద పి మరిచిపోకు, లేకుంటే రీబూట్‌తో పోతుంది.

కొన్ని నెలలకు ఒక అపాచీ 8585 పోర్టులో లేవనంది. ఏయూసెర్చ్ చూశాను: నేమ్_బైండ్ నిరాకరణ. సెమేనేజ్ పోర్ట్‌తో 8585ను హెచ్‌టీటీపీ_పోర్ట్_టిలో చేర్చాను. లేచింది. ఎవరినీ అడగలేదు. అర్ధరాత్రే సార్‌కు ఫోన్ చేశాను.

"ఎన్‌ఫోర్సింగ్‌లోనేనా?" అన్నారు.

"అవును సార్, గెట్‌ఎన్‌ఫోర్స్ చూశాకే ఫోన్ చేస్తున్నా."