పగలు సాగితేనే తొలి గుడ్డు

నరసాపురంలో పెట్ట ఈడుకొచ్చిందో లేదో తెలియడానికి ఎవరూ నెలలు లెక్కపెట్టరు. తురాయి ఎర్రబడిందా, గడ్డివాము పక్కన, గంప వెనక చోటు వెతుక్కుంటోందా, వీపు మీద చెయ్యి వేయబోతే రెక్కలు కాస్త విప్పి నేలకు ఒదుగుతోందా అని చూస్తారు.

అక్కడ పుట్టిపెరిగిన ఒకావిడ ఇప్పుడు అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో ఉంటోంది. ఆ ఊళ్లో 2008 నుంచి పెరట్లో పెట్టల్ని పెంచుకోనిస్తున్నారు, పుంజుల్ని మాత్రం ఒప్పుకోరు. జూన్‌లో ఆవిడ బార్డ్ రాక్ పిల్లల్ని తెచ్చుకుంది. మామూలుగా ఐదారు నెలలకు గుడ్లకొచ్చే జాతి. డిసెంబరు సగం గడిచినా ఒక్క గుడ్డూ లేదు. పెట్టలు నిండుగా ఎదిగాయి, తురాయిలే ఇంకా పాలిపోయి ఉన్నాయి.

“ఇంకా పెట్టలేదేంటే? మేత సరిగ్గా వేస్తున్నావా?” ఫోన్‌లో వాళ్లమ్మ బెంగ.

మేత బాగానే ఉంది. చాలనిది వెలుతురు. కోడి వెలుతురును కంటితోనే కాక పుర్రెలోంచి దిగే కాంతిని బట్టి మెదడుతోనూ పసిగడుతుంది. పగలు సాగేకొద్దీ హార్మోన్లు ఊరి అండాశయం పనిలోకి దిగుతుంది. గుడ్లు నిలకడగా పెట్టాలంటే రోజుకు 14 గంటల దాకా వెలుతురుండాలి. నరసాపురంలో నడి చలికాలంలోనూ పగలు 11 గంటలుంటుంది. ఆన్ ఆర్బర్‌లో డిసెంబరు చివర 9 గంటలే. సరిగ్గా ఈడుకొచ్చే నెలల్లో పగలు కుదించుకుపోతే పెట్ట ఆగిపోతుంది. ఆ మంచులో పిల్లల్ని లేపితే బతకవు గనక, ఆగడమే దానికి క్షేమం.

“మన తణుకు ఫారాల్లో తెల్లారకముందే లైట్లు వేసేది అందుకేనా!” అంది వాళ్లమ్మ. అందుకే. ఆ తెల్ల లెగ్‌హార్న్‌లు 18-20 వారాలకే గుడ్లకొస్తాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి తయారుచేసిన గ్రామప్రియకు ఐదున్నర నెలలు పడుతుంది. మన అసీల్ జాతి పెట్టకు ఏడు నెలలు కావాలి. ఆలస్యంగా ఎదిగినా పొదగడంలో, పిల్లల్ని కాయడంలో దాన్ని మించినది లేదని వాళ్లమ్మ గట్టిగా నమ్ముతుంది.

ఫిబ్రవరి చివర, పగలు సాగాక, గూట్లో తొలి గుడ్డు కనబడింది. చిన్నది. తొలి గుడ్లు ఏ జాతివైనా చిన్నవే.

చలిదేశాల్లో పెట్టల్ని పెంచాలనుకునే మనవాళ్లు మార్చిలోనే పిల్లల్ని తెచ్చుకోండి, పగలు మరీ తరిగిపోయేలోపు గుడ్లకొస్తాయి. నాలుగు నెలలు నిండని పెట్టకు మాత్రం గూట్లో దీపం పెట్టి తొందరపెట్టకండి. ఒళ్లు ఎదగకముందే గుడ్డుకొస్తే గుడ్డు అడ్డుపడి ప్రాణం మీదికొస్తుంది.