మా అబ్బోడి కారుకు తోక

మిల్లులో పని చేసినవాళ్లకు గాలి సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. కార్డింగులో గాలి ఎటు పోతా ఉందో దూది పొట్టే చెప్తాది. రింగ్ ఫ్రేముల మీద తిరిగే బ్లోయరు గొట్టం ఎక్కడికొస్తే ఏ మూల పీచు లేస్తాదో కొత్తగా చేరిన పిల్లకాయలకు కూడా వారంలో తెలిసిపోతాది. హ్యూమిడిఫికేషన్ ప్లాంటులో డ్యాంపరు పలకను రెండు వేళ్లంత తిప్పితే చాలు, ఆ కొసన ఉండే ఫ్రేము మీద దారాలు తెగడం మొదలవుతాది. ముప్పై ఒక్క ఏళ్లు ఫిట్టరుగా ఆ పలకలు తిప్పినవాణ్ణి. అందుకే మా అబ్బోడు కారుకు స్పాయిలరు పెట్టాలన్నప్పుడు అదేదో తెలియని శాస్త్రం అనిపించలేదు. గాలికి అడ్డంగా ఒక పలక. అంతే గదా!

మాది పరదరామి. గుడియాత్తం నుంచి చిత్తూరు పోయే దారిలో, ఆంధ్రా ఎల్లకు ఆనుకొని ఉండే ఊరు. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం. కారు 1999 మోడలు మారుతి ఎస్టీమ్. మిల్లు నుంచి నాకు సెటిల్‌మెంటు డబ్బులు వచ్చినప్పుడు సెకండ్ హ్యాండులో కొన్నది. ఇప్పుడు దాన్ని తోలేది అబ్బోడే. రాణిపేట పక్క కంపెనీలో వాడికి పని. పళ్లికొండ దగ్గర చెన్నై - బెంగళూరు హైవే ఎక్కుతాడు. సెకండ్ షిఫ్టు అయితే ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటుతాది. అంతవరకూ వాళ్లమ్మ వాకిలి గొళ్లెం పెట్టదు.

ఆ రోడ్డు మీదనే మా వీధిలో ఒక ఇంటి దీపం ఆరిపోయింది. అప్పటి నుంచి ఆమెకూ నాకూ అదే దిగులు. వాడేమో కారు వెనకాల తోక కావాలంటాడు. వద్దంటే వేలూరులో ఒక ప్లాస్టిక్ ముక్క కొని, టేపుతో అంటించుకొని వస్తాడు. సరేనంటే వేగంగా పోరా అని నేనే తాళం చేతికిచ్చినట్టు. నాలుగు రోజులు ఆలోచించి చెప్పినాను.

"కొనొద్దు రా. మనమే చేద్దాం. అయితే అది ఏం పని చేస్తాదో ముందు కొలిచి చూద్దాం. ఏమంటావు?"

వాడు నా మొగం చూసి, "నిజంగానా నాయనా?" అన్నాడు. చాలా రోజుల తర్వాత మేమిద్దరం ఒక పని మీద కూర్చున్నది అప్పుడే.

ఈ తోక కథ కొంత తెలుసుకుంటే మంచిది. కారు వేగంగా పోయేటప్పుడు గాలి ముందు నుంచి పైకెక్కి, కప్పు మీదుగా వెనక్కి జారుతాది. వంపు మీద పరిగెత్తే గాలి అక్కడ ఒత్తిడి తగ్గిస్తాది. అందుకే వెనక భాగం కొంచెం తేలికవుతాది. విమానం రెక్క లేచేది కూడా ఇట్లాంటి కారణానికే. ఆ జారుడును చెడగొట్టేది కాబట్టి దానికి స్పాయిలరు, అంటే చెడగొట్టేది, అని పేరు. 1961లో ఫెరారీ పందెం కార్లకు వెనక ఇట్లాంటి పలక పెట్టించింది రిచీ గింథర్ అనే అమెరికా డ్రైవరని చెప్పుకుంటారు. 1973 మోడలు పోర్షె కరెరా ఆర్ఎస్ కారుకు వెనక బాతు తోక మాదిరి లేచి ఉండేది. దాన్ని లోకమంతా బాతు తోక అనే పిలిచింది.

అంత దూరం పోవడం ఎందుకు? కోయంబత్తూరులో లక్ష్మీ మిల్స్ నడిపిన తెలుగు నాయుళ్ల కుటుంబంలో పుట్టిన కరివర్ధన్, మారుతి 800 ఇంజను పెట్టి ఒంటి సీటు పందెం కార్లు తయారు చేయించినాడు. ఫార్ములా మారుతి అంటే అవే. 1995లో విమాన ప్రమాదంలో పోయినాడు. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయం రేసు ట్రాకుకు ఆయన పేరే పెట్టినారు. అదే ఊరి నరైన్ కార్తికేయన్ కూడా ఫార్ములా మారుతి కార్లు తోలి, 2005లో ఫార్ములా వన్‌లో దిగిన మొదటి భారతీయుడైనాడు. పందేలు కట్టే కార్లు కూడా మన మిల్లుల ఊళ్లలో, మన మాట మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చినాయని అబ్బోడికి చెప్పినాను. వాడు ఆ సంగతి వినలేదంట. "ఆయన ట్రాకు మీద తోలినాడు రా, హైవే మీద కాదు" అని కూడా ఒక మాట కలిపినాను.

ఇంక కొలత సంగతి. గాలి కంటికి కనపడదు కాబట్టి మిల్లు ఉపాయమే వాడినాము. డబ్లింగు చేసిన ముతక నూలు తీసుకొని, అరజానెడు ముక్కలు నలభై కత్తిరించినాము. వెనక అద్దం మీదా డిక్కీ మూత మీదా వరసలుగా, ఒక్కొక్క కొస మాత్రం సెల్లోటేపుతో అంటించినాము. ఆదివారం తెల్లారకముందే, మనుషులు లేని తిన్నటి రోడ్డులో వాడు 60లో తోలినాడు. నేను వెనక సీట్లో వెనక్కి తిరిగి కూర్చొని చూసినాను.

దారం వెనక్కి వాలి నిమ్మళంగా పడుకొని ఉంటే గాలి ఒంటికి అంటుకొని పోతా ఉందని అర్థం. దారం గిరగిరా తిరిగినా, ముందుకు తిరగబడినా అక్కడ గాలి విడిపోయి సుడి పడతా ఉందని అర్థం. అద్దం కింది భాగంలో దారాలు దెయ్యం పట్టినట్టు ఆడినాయి. డిక్కీ కొసకు వచ్చేసరికి మళ్లీ పడుకున్నాయి. అంటే పలక పెట్టాల్సిన చోటు ఆ కొసే. మధ్యలో పెడితే సుడిలో పెట్టినట్టు, పని చెయ్యదు.

తర్వాత అట్టముక్కలతో మూడు ఎత్తులు చేసి, ఒకటి తీసి ఒకటి అంటించి చూసినాము. పలక ముందర ఉండే దారాలు పడుకోవడం మానేసి లేచి నిలబడినాయి. గాలి అక్కడ తట్టుకొని నెమ్మదించింది. ఆ తట్టుకున్న గాలే డిక్కీని కిందికి నొక్కేది. ఎత్తు పెంచే కొద్దీ డ్రైవరు ముందుండే అద్దంలో వెనక రోడ్డు కనపడడం తగ్గిపోయింది. అందుకని పెద్దది వదిలేసి నడిమిది పెట్టుకున్నాము. 120 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు.

ఆ రాత్రి నోటుబుక్కు తెరిచి లెక్క వేసినాము. గాలి తోపుడు వేగంతో పాటు తిన్నగా పెరగదు. వేగం రెండింతలైతే తోపుడు నాలుగింతలు. మా పలక మీద గాలి పూర్తిగా తగిలిందనుకున్నా 40లో కిలోకు లోపలే. 80లో మూడున్నర కిలోలు. 120లో ఎనిమిది కిలోలు. ఎనిమిది వందల కిలోలు దాటిన కారుకు ఇది ఏ మూలకు? "మీ అమ్మ డిక్కీలో పాతిక కిలోల బియ్యం మూట పెడితే దీనికి మూడింతలు నొక్కుతాది" అన్నాను. వాడు నవ్వినాడు.

అప్పుడు పక్కనే ఇంకొక గీత గీసి, బ్రేకు తొక్కినాక కారు ఆగే దూరం రాయమన్నాను. అది కూడా అదే లెక్క. పొడి రోడ్డు మీద, మంచి టైర్లుంటే 40లో తొమ్మిది మీటర్లు. 80లో ముప్పై ఆరు. 120లో ఎనభై దాటుతాది. ఇది కాలు బ్రేకు మీద పడినాక. కన్ను చూసి కాలు కదిలేలోపల 120లో ఒక్క సెకనుకే ముప్పై మూడు మీటర్లు పోయి ఉంటాది.

వాడు రెండు వరసలూ చాలాసేపు చూసినాడు. నేనేమీ మాట్లాడలేదు. లెక్క చెప్పినాక నాయన చెప్పాల్సింది ఏముంటాది? కొంతసేపటికి వాడే అన్నాడు: "అయితే ముందు టైర్లు చూపిద్దాం నాయనా."

చూపిస్తే ముందు టైర్లు రెండూ అరిగి ఉండాయి. వెనక డ్రమ్ము విప్పితే వీల్ సిలిండరు కారతా ఉంది. అంగడి స్పాయిలరుకని వాడు దాచిన డబ్బులు వాటికి పోయినాయి. కొంత నేను వేసినాను.

ఆ తర్వాతే తోక పని పట్టుకున్నాము. థర్మోకోలు దిమ్మను హాక్సా బ్లేడుతో కోసి, ఉప్పుకాగితంతో రుద్ది ఆకారం తెచ్చినాము. బోల్టులు వచ్చే చోట లోపల ప్లైవుడ్డు ముక్కలు పొదిగినాము, లేకుంటే బిగించినప్పుడు నలిగిపోతాది. ఫైబరు రెజిను తగిలితే థర్మోకోలు కరిగిపోతాది కాబట్టి, ముందు ప్యాకింగు టేపు గట్టిగా చుట్టి, దాని మీద ఫైబరు మ్యాటు రెండు పొరలు వేసినాము.

ఇక్కడ ఒక జాగ్రత్త, ఇళ్లలో పిల్లకాయలు ఈ పని చేస్తే తప్పకుండా చెప్పండి. రెజినులో కోబాల్టు వేసి బాగా కలిపినాకనే క్యాటలిస్టు వెయ్యాల. ఆ రెండూ నేరుగా ఒకదానితో ఒకటి కలిస్తే మంట లేస్తాది, పేలినా పేలుతాది. చేతికి గ్లౌజులు, మూతికి మాస్కు, పని చెట్టు కింద గాలిలో. ఇంటి లోపల వద్దు.

ఎండినాక రుద్ది, లప్పం పెట్టి, ప్రైమరు, పెయింటు వేసినాము. నీళ్లు నిలవకుండా అడుగున చిన్న బెజ్జం పెట్టినాము. కిరాణా అంగడి త్రాసులో 1 కిలో 900 గ్రాములు తూగింది.

కారుకు బిగించే ముందు ఒక పరీక్ష. దాన్ని ఒక చెక్కకు అవే బోల్టులతో బిగించి, చెక్కను గోడకు కట్టి, పాతిక కిలోల బియ్యం మూట ఒక రాత్రంతా వేలాడదీసినాము. ఎనిమిది కిలోల బరువు వస్తాదంటే మూడింతలకు తట్టుకోవాల, అది నా పాత అలవాటు. హైవేలో అది ఊడి వెనక వచ్చే బండివాడి మీద పడితే ఎవరి బిడ్డ పోతాడు? తెల్లారి చూస్తే చెక్కుచెదరలేదు.

చట్టం కూడా చూసుకున్నాము. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను బండిని మార్చడం గురించే. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మనిష్టానికి మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అందుకని బాడీ కోయలేదు. దీపాలూ నంబరు ప్లేటూ మూసుకోకుండా, కారు వెడల్పు దాటకుండా, పదునైన అంచు లేకుండా చేసినాము. ఎవరైనా తియ్యమంటే పది నిమిషాల్లో విప్పేయొచ్చు.

డిక్కీ మూతకు నాలుగు బెజ్జాలు. బెజ్జం అంచులకు రెడ్ ఆక్సైడు, తుప్పు పట్టకుండా. సైకిలు ట్యూబు కత్తిరించి వాషర్లు, నీళ్లు దిగకుండా. లోపలి పక్క రెండు ఇనుప పట్టీలు, రేకు మీద బరువంతా ఒక చోట పడకుండా. నట్లు నైలాక్ రకం. స్పిండిల్ రైలు అదురుకు మామూలు నట్లు ఎట్లా వదులవుతాయో మన వాళ్లందరికీ తెలిసిందే.

ఇప్పుడు కారు చూసినోళ్లు "ఎక్కడ కొన్నారప్పా?" అని అడుగుతారు. వాడు "మా నాయనా నేనూ చేసినాము" అంటాడు. దానితో పని ఏముందని అడిగితే, "వందలోపల అందం, వంద దాటితే ఎనిమిది కిలోలు" అని నవ్వుతాడు. షిఫ్టుకు మునుపటికన్నా పావుగంట ముందు బయలుదేరుతా ఉండాడు. ఎందుకని నేను అడగలేదు, వాడూ చెప్పలేదు.

నెలకొకసారి ఆ నాలుగు నట్లు స్పానరుతో చూడాల. అప్పుడే టైర్లలో గాలీ, బ్రేకు ఆయిలూ కూడా చూస్తాము. మొన్న ఆదివారం నేను మరిచిపోయి పేపరు చదువుకుంటా ఉంటే, వాడే పది నంబరు స్పానరు తెచ్చి నా చేతిలో పెట్టినాడు.